తమ్ముడు అడిగింది ఒక్క అడుగే

నేను తలుపులు ఎత్తి దించే మనిషిని. ఇంటి తలుపులు కావు, సరస్సు తలుపులు. సరస్సుకీ సముద్రానికీ మధ్య ఒక కాలువ ఉంది. దాని మీద ఆరు ఇనుప తలుపులు, వాటి పైన సిమెంటు వంతెన, వంతెన మీద ఆరు చక్రాలు. చక్రం ఒకవైపు తిప్పితే తలుపు లేచి సరస్సు నీళ్ళు సముద్రంలోకి పోతాయి. రెండోవైపు తిప్పితే తలుపు దిగి, సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీళ్ళు లోపలికి రాకుండా ఆపుతుంది. ఈ పని మా నాన్న ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాడు. ఆయన పోయాక నాకిచ్చారు. ఆడమనిషి చక్రం తిప్పగలదా అని ఇంజనీరు గారు నసిగితే, ఆయన కళ్ళ ముందే మూడో నంబరు చక్రం, అన్నిట్లోకీ మొండిది, తిప్పి చూపించాను. అప్పటినుంచి అందరికీ గేటక్కనే. ఇంజనీరు గారు కూడా అలాగే పిలుస్తారు, ఆయన నాకంటే పదేళ్ళు పెద్దయినా సరే.

వంతెన కింద గోడకి ఒక కొలరాయి ఉంది. ఒకటి నుంచి పది దాకా అడుగుల అంకెలు. నాలుగు దగ్గర మా నాన్న తన చేత్తో ఎర్రగీత గీశాడు. ఏటా ఎండల ముందు ఆ గీతకి మళ్ళీ రంగు వేసేవాడు, ఇప్పుడు నేను వేస్తున్నాను. నాన్న నాకు అప్పగించిన చదువంతా ఆ గీతే. "ఇక్కడిదాకా దించినా తిప్పల చుట్టూ మొలలోతు నీళ్ళుంటాయమ్మా. గీత దాటి దించావా, కుక్కలు నడుచుకుంటూ వెళ్ళిపోతాయి" అనేవాడు. ఆఫీసు పుస్తకంలో కూడా అదే అంకె ఉంది. దాన్ని వాళ్ళు నాన్నని అడిగే రాసుకున్నారు.

తిప్పలంటే సరస్సు మధ్య గవ్వలూ ఇసుకా పేరుకుని లేచిన చిన్న దీవులు. మా చిన్నప్పుడు ఏడుండేవి. ఎండాకాలం వస్తే రేవుపిట్టలు దిగేవి. తెల్లటి ఒళ్ళు, నల్ల టోపీ పెట్టుకున్నట్టు తల, నోరు విప్పితే ఊరు లేచిపోయేంత గోల. చేపలు తినే జాతి కనుక వలల వాళ్ళు వాటిని దొంగముండలు అని తిట్టేవాళ్ళు, ప్రేమగానే. అవి గూడంటూ కట్టవు. నేల మీద మడమతో నొక్కినంత గుంట చేసి, అందులోనే రెండు గుడ్లు, మహా అయితే మూడు పెడతాయి. కాపలా అంటారా, చుట్టూ ఉన్న నీళ్ళే. గోడా కంచే అవే.

ఇప్పుడు ఏడు తిప్పల్లో ఒక్కటే మిగిలింది. రెండింటి మీదుగా రోడ్డు పోయింది. మూడు రొయ్యల చెరువులయ్యాయి. ఒకదాన్ని మట్టి కోసం తవ్వి లారీల్లో ఎత్తుకుపోయారు, ఇప్పుడక్కడ గొయ్యి ఉంది. మిగిలిన దాన్ని చివరి తిప్ప అంటాం. దానికి కాపలా మా తమ్ముడు.

వాడు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. ఊళ్ళో పిట్టలాయన అంటారు. పక్షుల శాఖ వాళ్ళు తాత్కాలికం అని పెట్టుకున్నారు, ఆ తాత్కాలికానికి పదకొండేళ్ళు నిండాయి. రోజూ పడవ మీద తిప్ప చుట్టూ తిరిగి, ఒక గాజు మసకబారిన పాత దుర్భిణిలోంచి ఒంటికన్నుతో చూసి, గూళ్ళు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాస్తాడు. పెళ్ళి మాటెత్తితే "ఈ సీజన్ అవ్వనీ అక్కా" అంటాడు. పదకొండు సీజన్లూ అయ్యాయి. ఇద్దరం గేటు పక్కనున్న రెండు గదుల క్వార్టర్లో ఉంటాం. అమ్మ పోయేటప్పటికి వాడికి నాలుగేళ్ళు. అన్నం కలిపి ముద్దలు పెట్టింది నేనే. "చాలక్కా" అంటే ఇంకో ముద్ద పెట్టడం నాకు అప్పటినుంచీ అలవాటు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి ఇప్పటికీ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఆ వేళ్ళ సందుల్లోంచి కూడా వడ్డిస్తాను నేను.

ఆ ఏడు వాడికి తిండి మీదా నిద్ర మీదా ధ్యాస లేదు. కారణం ఉంది. వరసగా మూడేళ్ళు తిప్ప మీద ఒక్క పిల్ల కూడా రెక్కలొచ్చి ఎగరకపోతే, సరస్సు పేరు కాపాడవలసిన వాటి జాబితాలోంచి తీసేస్తారు. తీసేసిన మర్నాడు తవ్వే ఓడ వస్తుంది. తిప్ప ఉన్న చోట పడవల రేవు కట్టాలని పటం గీసి ఎప్పటినుంచో సిద్ధంగా పెట్టుకున్నారు. మొదటి ఏడు ఎవరో బుట్టలతో గుడ్లు ఏరుకుపోయారు. రెండో ఏడు గాలివాన తుడిచిపెట్టింది. ఇది మూడో ఏడు.

అయితే పిట్టలు మాత్రం మొండివి. మళ్ళీ వచ్చాయి. మూడు వందల పన్నెండు గూళ్ళు అని వాడు పుస్తకం తెచ్చి నాకు చూపించాడు. అంకె కింద రెండు గీతలు కొట్టాడు. అంత ఆనందం వాడి మొహంలో నేను చాలా ఏళ్ళయి చూడలేదు.

"రెండు మూడు రోజుల్లో పగులుతాయక్కా. ఇవాళ ఒకదాంట్లోంచి ముక్కు కనపడింది."

"నీ ముక్కు కూడా కనపడట్లేదు, ఎండకి మాడి. ముందు కూర్చుని తిను" అన్నాను.

ఆ మర్నాడే వాన మొదలైంది. ఎండాకాలం నడుమ, ఎవరూ పిలవని వాన. ఎగువ కాలువలన్నీ సరస్సులోకే వస్తాయి. కొలరాయి మీద అయిదు దగ్గరున్న నీళ్ళు తెల్లారేసరికి ఆరుకి, మధ్యాహ్నానికి ఆరున్నరకి ఎక్కాయి. ఇంకో మూడు రోజులు కురుస్తుందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. తమ్ముడు తడిసి ముద్దయి వచ్చి వంతెన మెట్ల మీద నిలబడ్డాడు.

"అంచు గూళ్ళు తొమ్మిది పోయాయక్కా. ఏడు దాటితే సగం తిప్ప మునుగుతుంది."

తలుపులు ఎత్తాలంటే ఇంజనీరు గారి ఆర్డరు కావాలి. వాడు అప్పటికే దరఖాస్తు రాసి ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాడు. నేను ఫోన్ చేశాను.

"పైకి పంపానమ్మా గేటక్కా. రొయ్యల చెరువుల వాళ్ళు కూడా నీళ్ళు తగ్గించొద్దని రాశారు, రెండూ కలిపి చూడాలి. కాస్త ఓపిక పట్టు" అన్నారు ఇంజనీరు గారు.

"ఓపిక నాకుందండీ, గుడ్లకే లేదు."

"నువ్వు మాటలు బాగా నేర్చావు" అని పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండింది. నా కోపం సంగతి నాకు తెలుసు. పాలు పొంగినట్టు వస్తుంది, పక్కన ఏముందో చూసుకోదు. వాడు మాత్రం గట్టిగా అడగలేదు. వాడికి నా ఉద్యోగం మీద బెంగ. తడి తువ్వాలు చేతుల్లో మెలిపెడుతూ, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"ఒక్క అడుగక్కా. ఒక్క అడుగు దించినా చాలు. ఎవరికీ తెలియను కూడా తెలియదు."

"ఒక్క అడుగేంట్రా! రేపు ఎల్లుండి కురిసేదంతా ఎక్కడ పోస్తావ్? నాలుగు దాకా దించేస్తాను. ఎంత కురిసినా మళ్ళీ ఏడుకి రాదు."

"నాలుగంటే..." వాడు ఆగాడు. "మొన్న తిప్ప పక్కన గడకర్ర గుచ్చితే లోపలికి దిగిపోతోందక్కా. బురద ఎక్కువైనట్టుంది. రొయ్యల చెరువుల వాళ్ళు రొయ్యలు పట్టేసిన ప్రతిసారీ మోటార్లు పెట్టి అడుగు మడ్డంతా ఇటే తోడుతున్నారు కదా."

"నాలుగు నాన్న గీత. ముప్ఫై ఏళ్ళు చూసి గీసింది. నువ్వు పిట్టల్ని చూసుకో, నీళ్ళు నేను చూసుకుంటాను."

ఆ మాట అన్నాను. ఎవరో అనిపించలేదు, ఏ మత్తులోనూ లేను, పట్టపగలు, చేతికి గ్రీజు పూసుకుంటూ అన్నాను. వాడు తలూపాడు. నాన్న గీత అంటే వాడికీ ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

ఆరు తలుపులూ ఎత్తాను. సముద్రం వెనక్కి లాగే వేళ చూసి ఎత్తడం, పోటు మొదలవగానే దించడం, రెండు రోజులు అదే పని. మూడో చక్రం దగ్గర అరచేతులు బొబ్బలెక్కాయి. కాలువలోంచి నీళ్ళు ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతుంటే నాకు ఎంత తృప్తిగా ఉండిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. ఆఫీసులో ఫైలు పట్టుకుని కూర్చున్న వాళ్ళందరి మొహాన కొట్టినట్టు అనిపించింది. రెండో రోజు సాయంత్రానికి నీళ్ళు సరిగ్గా ఎర్రగీతని ముద్దాడుతూ నిలిచాయి. వెంట్రుక వాసి కూడా కిందికి పోనివ్వలేదు. నా పనిలో వంక పెట్టడానికి లేదు. తలుపులు దించి, చేతులు కడుక్కుని, వాడికి ఇష్టమని వేరుశెనగ పచ్చడి చేశాను.

వాన సన్నబడింది. రేడియోలో చెప్పిన మూడు రోజుల వాన దారి మార్చుకుని ఎటో పోయింది.

కుంటిది ఆ సాయంత్రం అన్నానికి రాలేదు. కుంటిది మా కుక్క. మాదంటే మాది కాదు. రోడ్డు పక్కన చేపల చెత్త పోసే గుట్ట దగ్గర బతికే కుక్కల మందలోది. లారీ గుద్ది ముందు కాలు ఒకటి పోతే, పాక్కుంటూ వచ్చి మా మెట్ల కింద చేరింది. అప్పటినుంచి రెండు పూటలా నేనే పెడుతున్నాను. మూడు కాళ్ళ మీద గెంతుతూ నడుస్తుంది. రాకపోతే రాకపోనీ, రోడ్డు మీద ఏదో దొరికి ఉంటుందనుకుని పళ్ళెం బోర్లించేశాను.

మర్నాడు పొద్దున్న నన్ను నిద్రలేపింది నిశ్శబ్దం. ఎండాకాలం మూణ్ణెల్లూ ఆ పిట్టల గోలకి నేను తిట్టుకుంటూ లేచేదాన్ని. ఆ పొద్దున్న పొయ్యి మీద నీళ్ళు మరిగే చప్పుడు వినపడుతోంది. గోడ గడియారం వినపడుతోంది. తమ్ముడి మంచం ఖాళీగా ఉంది. వాడు అప్పటికే రేవులో పడవ తాడు విప్పుతున్నాడు. నేను కూడా ఎక్కి కూర్చున్నాను.

తిప్ప ఇంకా వంద గజాలుందనగా పడవ నేలకి తగిలి ఆగిపోయింది. ఎన్నడూ ఆగని చోటు అది. వాడు గడకర్రతో తోశాడు, కదల్లేదు. దిగాను. మొలలోతు ఉండాల్సిన చోట నా చీలమండ తడిసింది. ఇంకో పది అడుగులు వేస్తే అదీ లేదు. రోడ్డు వైపు నుంచి తిప్ప దాకా నల్లటి బురద, పైన కాస్త బిగుసుకుని, చక్కగా నడవడానికి వీలుగా పరుచుకుని ఉంది. దాని మీద అడుగులు. పది కుక్కలవో పదిహేనువో. వెళ్ళినవి, వచ్చినవి.

తిప్ప మీద ఏం చూశామో పూర్తిగా చెప్పను. గుడ్ల పెంకులు ఇసుకంతా ఉన్నాయి. కొన్ని పిల్లలు ముందు రోజు బయటికొచ్చాయనుకుంటాను. రెక్కలు పడి ఉన్నాయి, పెద్దవాటివి, పొదుగుతూ లేవనివాటివి. మిగిలిన పిట్టలన్నీ ఎక్కడికో లేచిపోయాయి. ఒక్కటి మాత్రం ముక్కున చిన్న చేప పట్టుకుని తిప్ప మీద తిరుగుతోంది. ఒకచోట దిగుతుంది, అటూ ఇటూ చూస్తుంది, మళ్ళీ లేస్తుంది. ఆ చేపని వదలదు, తనూ తినదు. నేను అక్కడే ఇసుకలో కూర్చున్నాను.

తమ్ముడు పుస్తకం తీశాడు. పెన్సిలు తీశాడు. ఒక చివరినుంచి మొదలుపెట్టి ఒక్కో గుంట దగ్గరా ఆగి, వంగి చూసి, గీత పెడుతూ వెళ్ళాడు.

"ఇంక రారా" అన్నాను.

"లెక్క అవ్వలేదక్కా."

మూడు వందల మూడు గుంటలూ చూశాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. నేను కూర్చున్నచోట, నా చెయ్యి పక్కనే, ఇసుకలో కొన్ని అడుగులు కనిపించాయి. వెనక రెండు, ముందు ఒకటి. మళ్ళీ వెనక రెండు, ముందు ఒకటి. ముందు కాలు పడాల్సిన రెండో చోట ఇసుక కదలలేదు. వాడు నా వైపు వస్తుంటే కాలితో ఆ గుర్తులు చెరిపేశాను. వాడు చూశాడనే అనుకుంటాను.

వెనక్కి వస్తూ, పడవ ఆగిన చోట గడకర్ర తీసుకుని నేనే గుచ్చాను. మెత్తగా దిగిపోయింది. మూడడుగులు దిగాక కింద గట్టిగా గవ్వల నేల తగిలి టక్కుమంది. అదీ మా నాన్న చూసిన నేల. ఆయన గీసిన గీతలో తప్పులేదు. నేలే పైకొచ్చింది. ఏటేటా మడ్డ కొంచెం కొంచెంగా పేరుకుంటుంటే, పైన నిలబడి ఏటేటా ఆ గీతకి ఎర్రరంగు పూసుకుంటూ కూర్చున్నది నేను. ఒక్కసారైనా దిగి చూడాలని నాకు తోచలేదు. వాడు చెబితే చెవిన వేసుకోలేదు. వాడు అడిగినట్టు ఒక్క అడుగే దించి ఉంటే అయిదున్నర దగ్గర నిలిచేది. తిప్ప చుట్టూ కుక్క ఈదాల్సినన్ని నీళ్ళుండేవి. ఈదే అవసరం లేకుండా చేసింది నేనే.

ఇంటికొచ్చేసరికి కుంటిది మెట్ల మీద పడుకుని ఉంది. పొట్ట ఉబ్బి ఉంది. అలవాటుకొద్దీ లేచి తోకాడించింది. నేనూ అలవాటుకొద్దీ అన్నం పళ్ళెం పెట్టాను. వాసన చూసి మొహం తిప్పుకుంది. అప్పుడు పట్టింది నాకు వెర్రి. పళ్ళెం తీసి దాని మీదకి విసిరాను. మూడు కాళ్ళతో కుయ్యోమంటూ పరుగెత్తింది.

"దాన్నెందుకక్కా కొడతావు. దానికేం తెలుసు" అన్నాడు తమ్ముడు, గుమ్మంలో చెప్పులు విడుస్తూ. మరి తెలిసిన వాళ్ళెవరో వాడు అనలేదు.

వాడు ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఒక్క మాట అనలేదు. నీళ్ళు నేను చూసుకుంటానన్న నా మాటని నాకు తిరిగి అప్పజెప్పలేదు. అప్పజెప్పి ఉంటే ఏదో ఒకటి అని దెబ్బలాడుకునేవాళ్ళం, ఏడ్చేవాళ్ళం. వాడు మాత్రం స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, బల్ల ముందు కూర్చుని రిపోర్టు రాశాడు. నేను వెనకనుంచి చదివాను. "అకాల వర్షాల వల్ల సరస్సు నీటిమట్టం పెరిగి గూళ్ళన్నీ మునిగిపోయినవి. ఎగిరిన పిల్లలు: సున్నా."

"మునిగిపోవడమేంట్రా?" అన్నాను.

"మునిగిపోయాయక్కా" అన్నాడు. పెన్ను మూత పెట్టాడు. "ఆర్డరు లేకుండా తలుపులు ఎత్తావని తెలిస్తే ఈ గది కూడా ఉండదు మనకి."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు ఊరటగా కూడా అనిపించింది.

వారం తర్వాత పక్షుల శాఖ ఆఫీసరమ్మ వచ్చింది. ఈలోగా ఎగువ నీళ్ళు మళ్ళీ చేరి సరస్సు అయిదుకి వచ్చింది, బురద కనపడకుండా పోయింది. ఆమె చెడ్డమనిషి కాదు. కళ్ళ కింద నల్లటి చారలు, చేతిలో నాలుగు సరస్సుల ఫైళ్ళు. పడవ ఎక్కి తిప్ప దాకా వెళ్ళి చూసింది. వచ్చి మా ముందుగదిలో కుర్చీలో కూర్చుని, నేనిచ్చిన టీ చల్లారిపోయేదాకా పట్టుకునే ఉంది.

"వాన కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి లేదు" అంది. "ఇంకేదైనా కారణమైతే, ఎవరైనా పాడుచేస్తే, ఇంకో ఏడాది గడువు అడగడానికి దారి ఉండేది. వాన మీద నేనేం రాయను? మూడేళ్ళు సున్నా. నా చేతుల్లో లేదు."

తమ్ముడు నా వైపు చూశాడు. వద్దు అన్నట్టు కనురెప్ప కదిలించాడు. ఆమె చేతిలోంచి గ్లాసు అందుకుని, లోపలికి వెళ్ళి, కడిగిందే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను. ఆమె జీపు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాకే బయటికొచ్చాను.

తమ్ముడి ఉద్యోగం ఆ నెలాఖరుతో సరి అని చెప్పి వెళ్ళిందట. పిట్టలు లేనిచోట పిట్టలాయన ఎందుకు? అయినా వాడు రోజూ పొద్దున్నే పడవ తీసుకుని వెళుతూనే ఉన్నాడు. పుస్తకంలో తేదీ వేసి, పక్కన సున్నా పెట్టి, మధ్యాహ్నానికి వస్తున్నాడు. ఏం తోచక అలా చేస్తున్నాడనుకున్నాను. తర్వాత తెలిసింది, గడకర్రకి అడుగుల గుర్తులు కట్టుకుని, తిప్ప చుట్టూ ఎక్కడెక్కడ ఎంత మడ్డ ఉందో కొలుస్తున్నాడు. ఎవరడిగారు అంటే "ఊరికే" అన్నాడు. కుంటిదానికి ఇప్పుడు వాడే పెడుతున్నాడు, నేను చూడకుండా, పెరటి వైపు.

తలుపులు దించిన పంతొమ్మిదో రోజున ఆఫీసు నుంచి కవరు వచ్చింది. గుమ్మం దగ్గర తపాలా మనిషి చేతిలోంచి వాడే అందుకున్నాడు. విప్పి చదివి, నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పొట్ట పట్టుకుని, గోడకి జారగిలబడి నవ్వి నవ్వి, చివరికి మొహం మోకాళ్ళలో పెట్టుకున్నాడు. వాడి వీపు కదలడం చూసి అది నవ్వు కాదని తెలిసింది. కాగితం నేను తీసుకున్నాను.

పక్షుల సంరక్షణ నిమిత్తం, కాపలాదారు దరఖాస్తును సానుభూతితో పరిశీలించి, సరస్సు నీటిమట్టాన్ని నాలుగు అడుగుల వరకు తగ్గించడానికి ఇందుమూలంగా అనుమతిస్తున్నాం.

నాలుగే. వాడు దరఖాస్తులో రాసింది ఒక్క అడుగని నాకు తెలుసు. వాళ్ళు కూడా పుస్తకం తీసి, మా నాన్న గీత చూసి, ధారాళంగా నాలుగిచ్చారు. నేనొక్కదాన్నే కాదన్నమాట తప్పు చేయగలిగేది. ఆర్డరు వేళకి వచ్చి ఉంటే ఇదే పని సంతకంతో, ముద్రతో చేసేదాన్ని. ఆ ఆలోచన నాకు ఏ మాత్రం ఓదార్పు ఇవ్వలేదు.

కాగితం అడుగున గడులున్నాయి. తీసుకున్న చర్య, తేదీ, సంతకం. నింపి వెనక్కి పంపాలి. బల్ల ముందు కూర్చున్నాను. చర్య అన్నచోట "ఆరు తలుపులూ ఎత్తి, నీళ్ళు నాలుగు అడుగులకు దించడమైనది" అని రాశాను. తేదీ దగ్గర పంతొమ్మిది రోజుల కిందటి తేదీ వేశాను. చోటు చాలక కాగితం తిరగేసి రాశాను. "ఆర్డరు రాకముందే దించాను. ఎర్రగీత ఇప్పుడు తప్పు. రొయ్యల చెరువుల మడ్డ వల్ల సరస్సు అడుగు మూడు అడుగులు పైకి లేచింది. నాలుగు దగ్గర తిప్పకి దారి పడింది, కుక్కలు నడిచి వెళ్ళి మూడు వందల మూడు గూళ్ళు ఖాళీ చేశాయి. వానకి పోయినవి తొమ్మిది. మా తమ్ముడి రిపోర్టు నన్ను కాపాడటానికి రాసింది. కొలతలు వాడి దగ్గర ఉన్నాయి." సంతకం పెట్టాను. ఒక నకలు ఆఫీసరమ్మకి కూడా రాశాను.

తమ్ముడు మొహం కడుక్కుని వచ్చి, నా భుజం మీదనుంచి చదివాడు.

"ఉద్యోగం పోతుందక్కా."

"పోనీ."

"ఇది పంపితే తవ్వే ఓడ ఆగుతుందా?"

"ఆగదేమో."

"పిట్టలు తిరిగొస్తాయా?"

"రావు."

"మరెందుకు?"

"పాపం వాన మీద తోశావు కదరా అంతా" అన్నాను. "తొమ్మిది గూళ్ళే కదా అది ముంచింది."

వాడు లోపలికి వెళ్ళి, కొలతలు రాసుకున్న నోటుపుస్తకం తెచ్చి, ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, నా కాగితం వెనక పెట్టి పిన్ను కొట్టాడు. సముద్రం వైపునుంచి ఇంజను చప్పుడు వినిపిస్తోంది. రెండు రోజులుగా వినిపిస్తోంది. ఇద్దరం అటు చూడలేదు.

"ఆకలేస్తోందక్కా" అన్నాడు.

కంచం పెట్టాను. ఒక గరిటెడు అన్నం వడ్డించాను. రెండోది తీసేసరికి వాడు "చాలక్కా" అంటూ, అలవాటు ప్రకారం కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

నేను ఆగిపోయాను. గరిటలో అన్నం గిన్నెలో వేసేసి మూత పెట్టాను. వాడు ఇంకా కాసేపు చెయ్యి అలాగే ఉంచాడు. ఇంకో గరిట రాదని తెలిశాక, మెల్లగా తీసేసి, తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు.